రెండు గీతలు ఎక్కువ

కన్యాకుమారి పదకొండేళ్లు విశాఖపట్నంలో ఒక కాల్ సెంటర్లో పనిచేసింది. రోజుకి తొమ్మిది గంటలు తలమీద హెడ్‌సెట్టు, చెవుల్లో ఎవరెవరివో కోపాలు. ఆ హెడ్‌సెట్లు కంపెనీవాళ్లు చవగ్గా గంపగుత్తగా కొన్నవి. వాటిలో మగవాళ్లందరికీ ఒకే గొంతు, ఆడవాళ్లందరికీ ఒకే గొంతు. అయినా ఊపిరి తీసే పద్ధతిని బట్టి అవతలివాడు ఇప్పుడు అరుస్తాడో, ఏడుస్తాడో, ఫోన్ పెట్టేస్తాడో ఆమెకి ముందే తెలిసిపోయేది. హెడ్‌సెట్టు పాడైతే కొత్తది రావడానికి మూడు రోజులు పట్టేది. అందాకా కూర్చోబెట్టి జీతం కోసేవారు. అది పడక, ఒక రోజు స్క్రూడ్రైవర్ తీసుకుని తనే విప్పింది. తెగిన తీగ అతికించడం ఎంత పనో చూశాక ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నానా అని తన మీద తనకే కోపం వచ్చింది. ఆ తర్వాత ఆ అంతస్తులో పాడైన ప్రతి హెడ్‌సెట్టూ ఆమె డెస్కు మీదకే వచ్చేది.

కరోనా ఏడాది ఆ ఆఫీసు మూతపడింది. కన్యాకుమారి కళింగపట్నం పక్కనున్న తమ పల్లెకి తిరిగొచ్చేసింది. తండ్రి నూకయ్య సముద్రం మీద వేటకి పోతాడు. తల్లి కూర్మమ్మ శ్రీకాకుళం మార్కెట్లో చేపలమ్ముతుంది. తమ్ముడు వెంకటసాయి ఐస్ ఫ్యాక్టరీలో పని. ముప్పై ఏళ్లు దాటిన కూతురు పెళ్లి మాట ఎత్తనివ్వకుండా ఇంట్లో తీగలూ సాల్డరింగ్ ఇనుమూ పరుచుకుని కూర్చుంటే ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. ఆమె పట్టించుకోలేదు. పిల్లలందరికీ ఫోన్లో క్లాసులు జరుగుతున్న రోజులవి. ఇయర్‌ఫోన్ తెగని ఇల్లు లేదు. ముందు పల్లెలో బాగుచేసింది. తర్వాత శ్రీకాకుళంలో ఒక సెల్ ఫోన్ల షాపు గుమ్మం పక్కన బల్ల వేసుకుంది.

విజయనగరం యుగంధర్‌కి ఆమె సంగతి ఎవరో చెప్పారు. తాత కాలంలో రేడియోలు, తండ్రి కాలంలో టేప్‌రికార్డర్లు అమ్మిన వ్యాపారుల కుటుంబం వాళ్లది. యుగంధర్ కింద టీవీలూ ఫ్రిజ్‌లూ పెట్టి, మేడ మీద ఏసీ గది కట్టించి, ఖరీదైన హెడ్‌ఫోన్లు అమ్ముతున్నాడు. ఒక హెడ్‌ఫోన్ కేబుల్ దగ్గర విరిగితే కంపెనీవాళ్లు ఆరు నెలలు పడుతుందన్నారట. కన్యాకుమారి నలభై నిమిషాల్లో బాగుచేసి ఇచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, విజయనగరం వచ్చేయమని అడిగాడు. జీతం మంచిది. ఉండడానికి షాపు వెనకాల గది కూడా ఇస్తానన్నాడు. ఆమె వెళ్లింది.

మేడ మీది గదికి నేలంతా తివాచీ, గోడలకి మందపాటి తెరలు, మధ్యలో ఒకే ఒక్క సోఫా. చెక్క స్టాండ్ల మీద వరసగా ఎనిమిది హెడ్‌ఫోన్లు. మొదటిది ఏడు వేలు. నాలుగోది ముప్పై ఎనిమిది వేలు. ఆఖరిది అద్దాల పెట్టెలో ఉంటుంది, రెండు లక్షల పదివేలు. కన్యాకుమారి బల్ల గాజు తలుపు అవతల. మొదటి వారం ఆమె వాటిని తుడవడమే తప్ప తలకి పెట్టుకోలేదు. రెండో వారం యుగంధరే, వినకపోతే రిపేరు ఎలా చేస్తావమ్మా అని కూర్చోబెట్టాడు.

నాలుగోదానిలో ఏదో చిన్న హాల్లో జరిగిన వయొలిన్ కచేరీ పెట్టాడు. ముందు ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఇక్కడి ఫ్యాన్ అనుకుని తలెత్తింది. అది ఆ హాల్లోది. ఎడమ పక్క వెనక వరసలో ఎవరో దగ్గారు. వాయించేవాడు కమాను వెనక్కి తిప్పినప్పుడల్లా తీగ మీద వెంట్రుకలు రాసుకునే ఆ చిన్న గరగర కూడా, దాని చోటులో అది, దాని కొలతలో అది. ఆమె ఇరవై నిమిషాలు కదల్లేదు. విన్న మాట నిజమే కానీ ఆనందపడిందనుకుంటే పొరపాటు. ముందు ఒళ్లు మండింది. పదకొండేళ్లు తన చెవులకి అతికించిన ఆ ప్లాస్టిక్కు ఇంత దాచిందా అనిపించింది. నాకిది అక్కర్లేదని ఎవరు అనుకున్నారు, ఎప్పుడు అనుకున్నారు అని ఆ రోజంతా తనలో తనే సణుక్కుంది.

ఆ నాలుగోది కొనుక్కుంటానని నెల తిరక్కుండా చెప్పింది. యుగంధర్ నవ్వలేదు, అది అతని మంచితనం. కొన్న రేటుకే ఇచ్చాడు.

ఇంట్లో మాత్రం గొడవైంది. ఆదివారం ఆమె పెట్టె విప్పగానే వెంకటసాయి ధర అడిగి, విని, అన్నం కంచం పక్కకి నెట్టాడు. ఆ డబ్బుతో నాన్నకి కొత్త వల వచ్చేదన్నాడు. చేపలోళ్ల ఇంట్లో చెవులకి ఇంత ఖర్చా, ఊళ్లో వింటే నవ్వుతారన్నాడు.

"నీ బండి లక్షా నలభై వేలు. దాని మీద నువ్వెక్కడికి ఎల్తన్నావో నానెప్పుడన్నా అడిగేనేటి?" అంది కన్యాకుమారి. "డాక్టర్లు కొంటే సరదా, నాను కొంటే పిచ్చా? నా సెవులు ఎవరికన్నా తక్కువేటి?"

కూర్మమ్మ చేతులు కడుక్కొచ్చి, ఏదీ నాకు పెట్టు అంది. కన్యాకుమారి దగ్గర తీరం మీద తను రికార్డు చేసుకొచ్చినది ఒకటుంది. తెల్లారి పడవలొచ్చినప్పటి వేలంపాట. అది పెట్టింది. కూర్మమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. కాసేపటికి చటుక్కున ఎడమ పక్కకి తల తిప్పి వెనక్కి చూసింది. వెనకాల గోడ తప్ప ఏమీ లేదు. హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుని చూసి, మళ్లీ పెట్టుకుంది.

"అప్పలసామి నా యెనకాలే నిలబడి పాడతన్నాడేటే," అంది. వేలం పాడేవాడి పేరు అప్పలస్వామి. అది అయ్యేదాకా విని, తీసి కూతురి చేతికిచ్చింది. బరువుగా ఉందనీ, చెమట పడుతోందనీ చెప్పింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "దాని కష్టం, దాని సెవులు. నీకేటి మధ్యన?" అంది. ఆ ఇంట్లో ఆ విషయం మీద మళ్లీ మాట రాలేదు.

కన్యాకుమారి మేడ మీద ఏడాదిన్నర పనిచేసింది. ఎనిమిదింటినీ విప్పి, తుడిచి, బిగించి, వాటి లోపలేముందో ఎరిగింది. ఖరీదు పెరిగే కొద్దీ చెక్క నున్నబడుతుంది, తోలు మెత్తబడుతుంది. ఏడు వేలదానికీ ముప్పై ఎనిమిది వేలదానికీ వినికిడిలో చాలా తేడా ఉంది, అది ఎవరికైనా తెలుస్తుంది. అక్కణ్ణించి రెండు లక్షలదాకా పోతే తేడా ఉందా అంటే ఉంది, కానీ వెతుక్కోవాలి. అది మెరుగా, ఇంకో రకమా అని కూడా ఆమెకి అనుమానమే. కొలవడానికి తనే ఒక పనిముట్టు చేసుకుంది. చిన్న ప్లైవుడ్ చెక్కకి బెజ్జం పెట్టి, అందులో మైకు బిగించి, ఫోన్‌కి తగిలించింది. చెక్క మీద హెడ్‌ఫోన్ పెడితే ఎంత గట్టిగా మోగుతోందో ఫోన్లో అంకె పడుతుంది. రిపేరు చేశాక రెండు చెవులూ సమానంగా మోగుతున్నాయో లేదో చూడ్డానికి చేసుకున్నది అది.

ఆ రోజు వచ్చినాయన పేరు జగన్నాధం. గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ కొలిముల దగ్గర ముప్పై ఏళ్లు ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. సెలవు రోజుల్లో పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. కొలిమి హోరులో చెవులు కొంత దెబ్బతిన్నాయి. కీచుమనే చప్పుళ్లు సగం అందవని ఆయనే చెప్పాడు. ఉన్న వినికిడితోనే మంచిగా వినాలని, ఇదివరకు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. ఈసారి పెన్‌డ్రైవ్‌లో తన హార్మోనియం రికార్డింగు తెచ్చుకున్నాడు.

యుగంధర్ ముందు నాలుగోది పెట్టాడు. తర్వాత అద్దాల పెట్టె తెరిచి, ఆఖరిది రెండు చేతులతో తీసి ఆయన తలకి తనే పెట్టాడు. దానికి శబ్దం పెంచే ఆంప్లిఫయర్ వేరే ఉంది. జగన్నాధం ముఖం వికసించింది. ఇది నిండుగా ఉంది బాబూ, నా హార్మోనియం పెట్టె పెద్దదైపోయినట్టుంది అన్నాడు.

కన్యాకుమారి గాజు తలుపు అవతల నుంచి చూస్తోంది. రెండో ఆంప్లిఫయర్ మీద వాల్యూం బొత్తాం ఉండవలసిన చోటు కన్నా రెండు గీతలు పైన ఉంది. పొద్దున్న తుడిచినప్పుడు తనే దాన్ని మొదటిదానితో సమానం చేసి పెట్టింది. చెయ్యి తగిలిందేమో అనుకుంది. లోపలికెళ్లి, మాట్లాడకుండా రెండు గీతలు కిందకి తిప్పి వచ్చేసింది. ఆమె కూర్చునేలోగా యుగంధర్ దాన్ని మళ్లీ పైకి తిప్పాడు.

జగన్నాధానికి ఇంటి నుంచి ఫోనొచ్చి మెట్ల మీదకి వెళ్లినప్పుడు కన్యాకుమారి అడిగింది, అలా ఎందుకు చేశారని. యుగంధర్ దాచలేదు. కొంచెం గట్టిగా మోగింది చెవికి ఎప్పుడూ బాగుందనిపిస్తుందనీ, ఈ వ్యాపారంలో అందరూ చేసేదే ఇదనీ చెప్పాడు. రెండు గీతలకి ఎవరూ చచ్చిపోరన్నాడు. ఖరీదైనది కొన్నామన్న తృప్తి కూడా వినడంలో భాగమే, ఇంటికెళ్లి ఆయన సంతోషంగా వింటే అందులో మోసమేముందన్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదని ఆమెకీ అనిపించింది. కానీ అతను అక్కడితో ఆపలేదు.

"అయినా ఆ పెద్దాయన చెవులకి తేడా ఎలాగూ తెలీదు కన్యా. ఎందుకు నీకీ గోల?"

"తేడా తెలీని సెవులకి రెండు లచ్చలది ఎందుకు సార్ తగిలిస్తన్నారు?"

యుగంధర్ మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించమన్నాడు. ఆమె తగ్గించలేదు.

"మా అమ్మ మార్కెట్లో సేప అమ్మితే మొప్ప ఎత్తి సూపిస్తాది. తాజాదో కాదో సూసుకుని కొనుక్కోమంటాది. నలభై రూపాయల సేపకే ఎత్తి సూపిస్తాం. మీరు మొప్ప మూసేసి అమ్ముతన్నారు."

అప్పటికి జగన్నాధం గుమ్మంలో ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు. ఏమైందమ్మా అని అడిగాడు. యుగంధర్ ఏదో సర్దిచెప్పబోయాడు. కన్యాకుమారి ఆయన వైపు తిరిగి, మాస్టారూ, రెండోది రెండు గీతలు గట్టిగా పెట్టి వినిపించారు, సమానం చేసి మళ్లీ ఒకసారి వినండి, తర్వాత మీకేది నచ్చితే అది తీసుకోండి అని చెప్పింది.

జగన్నాధం వచ్చి సోఫాలో కూర్చున్నాడు. సమానం చెయ్యమ్మా అన్నాడు.

ఆమె ప్లైవుడ్ చెక్క తెచ్చి, ఒకదాని తర్వాత ఒకటి దాని మీద పెట్టి, ఫోన్లో అంకె రెండింటికీ ఒకటే వచ్చేదాకా బొత్తాం తిప్పింది. ఆయనకీ చూపించింది. హార్మోనియం రికార్డింగు మొదటి నుంచి పెట్టింది. జగన్నాధం ఇది కాసేపు, అది కాసేపు, మళ్లీ ఇది. ముప్పావుగంట. యుగంధర్ కిటికీ దగ్గర నిలబడి తెర మడతలు సర్దుతూ ఉండిపోయాడు.

చివరికి జగన్నాధం ముప్పై ఎనిమిది వేలదాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా పెట్టె తిత్తికి కుడివైపు చిన్న చిల్లుంది. నొక్కినప్పుడల్లా బుస్సుమంటాది. ఇరవయ్యేళ్లుగా అతికిస్తన్నాను, మళ్లీ ఊడిపోతాది. ఇందులో ఆ బుస వినిపిస్తంది. అందులో పెట్టె చాలా అందంగా ఉంది గానీ, అది నాది కాదు. ఎవరిదో కొత్త పెట్టె."

ఆయన అదే కొనుక్కుని వెళ్లాడు. యుగంధర్ బిల్లు రాసి, సంచిలో పెట్టి, మెట్ల దాకా వెళ్లి దిగబెట్టాడు. వ్యాపారస్తుడు. పైకి తిరిగొచ్చాక మాత్రం కన్యాకుమారి ముందు నిలబడి, రేపటి నుంచి నువ్వు పైకి రావద్దు, కింద టీవీ రిమోట్లూ స్పీకర్లూ చూసుకో, జీతం తగ్గించను అన్నాడు. ఉద్యోగం తీసేయలేదు. ఆమె చేతిపని అతనికి కావాలి, ఆమె నోరు అక్కర్లేదు.

కన్యాకుమారి ఆ రాత్రి షాపు వెనక గదిలో బాగా ఆలోచించింది. కిందకి వెళ్లి కూర్చుంటే నెలనెలా జీతమొస్తుంది. ఎవరూ ఏమీ అనరు. కానీ మేడ మెట్లెక్కే ప్రతి కస్టమర్ని చూసి తను తల దించుకోవాలి. ఆ దించుకోవడం తన వల్ల కాదు. పొద్దున్న గది తాళం యుగంధర్ చేతికిచ్చి, సాల్డరింగ్ ఇనుము, ప్లైవుడ్ చెక్క, తన హెడ్‌ఫోన్ సంచిలో వేసుకుని శ్రీకాకుళం బస్సెక్కింది. ఎక్కడికెళ్తావు అని అతను అడిగితే, "మా ఊళ్లో కూడా సెవులున్నోళ్లున్నారు సార్" అంది.

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర, జిరాక్సు షాపు పక్కన మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత గది దొరికింది. ఒక కుర్చీ, ఒక బల్ల, నాలుగు హెడ్‌ఫోన్లు. అందులో ఒకటి తన సొంతది. గోడ మీద తనే రాసిన కాగితం అంటించింది: ఇక్కడ అన్నీ ఒకే వాల్యూంలో వినిపించబడును, నచ్చకపోతే కొనవద్దు. మొదటి మూడు నెలలు వినడానికి వచ్చినవాళ్లు ఏడుగురు. ఇల్లు గడిచింది తెగిన ఇయర్‌ఫోన్లతోనూ పెళ్లిమండపాల మైకులతోనూ. విజయనగరంలో యుగంధర్ తన గురించి ఏమంటున్నాడో ఆమె చెవిన పడుతూనే ఉంది. ఖరీదైనవి కొనే తాహతు లేనివాళ్లే వాటిని తిడతారు అన్నాడట. మోసం చేశావన్నా పడేది గానీ, ఆ తాహతు అన్న మాట మాత్రం కన్యాకుమారికి ముల్లులా గుచ్చుకుంది. ఎవరైనా ఆ మాట ఎత్తితే తన హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టేది. ఇది నా కష్టంతో కొన్నాను, మంచిదానికి డబ్బు పెట్టడం నాకూ తెలుసు, అబద్ధానికి పెట్టను అనేది.

జగన్నాధం తన నాటకం బృందంలో ఇద్దర్ని తీసుకొచ్చాడు. వాళ్ల ద్వారా ఒక తబలా మాస్టారు. నెమ్మదిగా వారానికి ఒకరిద్దరు కుర్చీలో కూర్చోవడం మొదలైంది.

ఆ వేసవిలో డాక్టర్ హేమ అనే ఆవిడ వచ్చింది. శ్రీకాకుళంలోనే పిల్లల డాక్టరు. సంచిలోంచి తీసింది ఆ రెండు లక్షల పదివేలదే, యుగంధర్ దగ్గర కొన్నది. కుడి చెవిలో బరబరమంటోందట. కంపెనీకి పంపితే ముప్పై వేలవుతుందన్నారట. కన్యాకుమారి ఆ మెత్తటి తోలు దిండు ఊడదీసి, దీపం కిందకి తెచ్చి, శబ్దం పుట్టించే పల్చటి రేకు మీద పడి ఉన్న ఒక తల వెంట్రుకని పట్టకారుతో తీసింది. మోగినప్పుడల్లా అదే రేకుకి తగిలి బరబరమంటోంది. రెండొందలు తీసుకుంది.

డాక్టరు వెంటనే లేవలేదు. గోడ మీది కాగితం చదివి, తనదీ కన్యాకుమారిదీ సమానం చేసి వినిపించమంది. విన్నది. చాలాసేపు విన్నది. తర్వాత, ఎదుటివాళ్లకి జబ్బు పేరు చెప్పే మనిషి తన జబ్బు పేరు అడుగుతున్నట్టు నెమ్మదిగా అడిగింది.

"నేను మోసపోయానా?"

కన్యాకుమారికి ఇక్కడ అవునని చెప్పడం తేలిక. యుగంధర్ మీద కోపం తీరేది. కానీ ఆమె ఆ హెడ్‌ఫోన్ ఏడాదిన్నర తుడిచిన మనిషి. చెవికి ఎంత మెత్తగా ఆనుతుందో, ఎంత శ్రద్ధగా చేశారో తెలుసు.

"ఇది మంచిదే డాక్టరు గారూ. సుబ్బరంగా ఇనుకోండి. రెండు లచ్చలంత మంచిది కాదు, అంతే."

డాక్టరు నవ్వేసింది. దాన్ని సంచిలో పెట్టుకుని, తను దీంతోనే వింటానంది. అలాగే వినండి అంది కన్యాకుమారి.

ఆ పై వారం యుగంధర్ ఫోన్ చేశాడు. ఆ రెండొందల రిపేరు సంగతి డాక్టరు అతనికి చెప్పి ఉంటుంది. మళ్లీ మేడ మీదకే రమ్మన్నాడు. జీతం పెంచుతానన్నాడు. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు. వస్తాను సార్, కానీ వచ్చినవాళ్లందరికీ ముందు వాల్యూం సమానం చేసి వినిపించాలి, అది మీరే చెయ్యాలి, నేను కాదు అంది. అలాగైతే అద్దాల పెట్టెలోది ఎవరు కొంటారు అన్నాడతను.

"కొనీవోళ్లే కొంటారు. డాక్టరమ్మ ఉంచుకుంది కదేటి."

ఆలోచించి చెబుతానన్నాడు. నాలుగు నెలలైంది, చెప్పలేదు. ఆమె ఎదురుచూడలేదు. జిరాక్సు షాపు వాడితో మాట్లాడి మధ్య గోడలో సగం తీయించి, అటువైపు కొంత చోటు కలుపుకుంది. ఇప్పుడు రెండు కుర్చీలు పడుతున్నాయి.

మొన్న మధ్యాహ్నం పాలకొండ బస్సు కండక్టరొకాయన గుమ్మంలో నిలబడి లోపలికి రావడానికి మొహమాటపడ్డాడు. తనకి కావలసింది ఏడెనిమిది వందల్లోదేననీ, పాత పాటలు వింటాననీ, ఇక్కడన్నీ పెద్ద రేట్లవి కదా అనీ అన్నాడు. కన్యాకుమారి మాట పూర్తికాకుండానే కుర్చీ చూపించింది. ఎనిమిది వందల్లోవి మూడు తీసి, ఒక్కొక్కటీ కొలిచి, సమానం చేసి, ఆయన ఫోన్లో పాటే పెట్టింది. ఆయన అరగంట విన్నాడు. ఏదీ తేల్చుకోలేకపోయాడు. బస్సు టైమైపోతోంది, వచ్చే నెల వస్తానమ్మా, ఏమీ అనుకోకు అన్నాడు.

"అనుకోడానికేటుంది బాబూ. ఇనడానికే కదా కుర్చీ ఏసేను," అంది. ఆయన మెట్లు దిగుతుంటే తన వంతు కోసం రెండో కుర్చీలో కూర్చున్నావిడ వైపు తిరిగింది.